ఆరు ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు: ఏది ఎవరికి నప్పుతుంది

డిప్రెషన్‌కు, తగ్గని ఆందోళనకు, పానిక్ ఎటాక్‌లకు, ఒకే ఆలోచన, ఒకే పని పదేపదే పట్టి పీడించే ఓసీడీకి డాక్టరు మొదట రాసే మందు చాలాసార్లు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ తరగతిదే, అంటే మెదడులో కబుర్లు మోసే సెరోటోనిన్ అనే రసాయనం మీద పనిచేసే మందుల్లో ఒకటే అయి ఉంటుంది. ఈ తరగతిలో ప్రధానమైనవి ఆరు: ఎస్సిటాలోప్రామ్, సిటాలోప్రామ్, సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్, ఫ్లువాక్సమిన్. చీటీ చేతికి రాగానే చాలామందికి వచ్చే సందేహం ఒకటే: వీటిలో గట్టిగా పనిచేసేది ఏది?

గట్టిదనం లెక్క చూస్తే వీటి మధ్య తేడా చాలా తక్కువ. 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ 21 డిప్రెషన్ మందుల మీద జరిగిన 522 ట్రయల్స్‌ను ఒకచోట చేర్చి చూసింది. మొత్తం 1,16,000 మందికి పైగా వాటిలో పాల్గొన్నారు. 21 మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గానే తేలాయి. ఒకదానితో ఒకటి పోల్చినప్పుడు ఎస్సిటాలోప్రామ్ ఫలితంలోనూ, మధ్యలో మానేయకుండా తట్టుకోవడంలోనూ కాస్త ముందు నిలిచింది. పారాక్సెటిన్ ఫలితంలో బాగుంది కానీ తట్టుకోవడంలో మంచి పేరు తెచ్చుకోలేదు. సెర్ట్రాలిన్, ఫ్లూఆక్సెటిన్, సిటాలోప్రామ్ తట్టుకోవడంలో నయం. ఫ్లువాక్సమిన్ రెండింట్లోనూ వెనకబడింది.

ఇవన్నీ వేలమంది సగటులో కనిపించే చిన్న తేడాలు. ఒక మనిషికి మందు ఎంచేటప్పుడు వీటికంటే బరువైన విషయాలున్నాయి. ఆ మనిషి ఇప్పటికే వేసుకుంటున్న మాత్రలు, గుండె పరిస్థితి, వయసు, గర్భం, నిద్ర తీరు, మాత్ర మరిచిపోయే అలవాటు, చివరికి మందు మానేటప్పుడు పడబోయే ఇబ్బంది: అసలు ఎంపిక జరగాల్సింది వీటి మీద. ఇంకొకటి, గతంలో ఏదైనా ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మీకు బాగా పడి ఉంటే కొత్తదాని జోలికి పోనక్కర్లేదు, దాంతోనే మళ్లీ మొదలుపెట్టడం మంచిది. దాని పేరు, ఎన్ని మిల్లీగ్రాములు వాడారు, ఎన్నాళ్లు వాడారు అన్నది డాక్టరుకు చెప్పండి.

మందు లోపల ఏం చేస్తుంది

మెదడులో కొన్ని నరకణాలు సెరోటోనిన్‌ను బయటికి వదిలి, పని కాగానే తిరిగి లోపలికి లాక్కుంటాయి. లాక్కునే పని చేసేది కణం పొరలో ఉండే ఒక ప్రోటీన్, దాన్ని సెరోటోనిన్ ట్రాన్స్‌పోర్టర్ అంటారు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వెళ్లి దాని మీద కూర్చుంటుంది. లాక్కోవడం తగ్గుతుంది, కణాల మధ్య సెరోటోనిన్ ఎక్కువసేపు నిలుస్తుంది. ఇదంతా మొదటి మాత్ర వేసిన కొన్ని గంటల్లోనే జరుగుతుంది.

మరి మనసు కుదుటపడటానికి వారాలు ఎందుకు పడుతుంది? సెరోటోనిన్ పెరిగిందని పసిగట్టే 5-హెచ్‌టీ1ఏ అనే గ్రాహకాలు ఆ కణాల మీదే ఉంటాయి. అవి వెంటనే కణాన్ని అదుపు చేసి, సెరోటోనిన్ వదలడం తగ్గించమంటాయి. రెండు మూడు వారాలు గడిచేసరికి ఆ గ్రాహకాలు మొద్దుబారతాయి, అప్పుడు అడ్డు తొలుగుతుంది. ఆ తర్వాత నరకణాల అల్లికలో నెమ్మదిగా వచ్చే మార్పులకూ పాత్ర ఉందని భావిస్తున్నారు. 'సెరోటోనిన్ తగ్గితే డిప్రెషన్ వస్తుంది' అని ఒకప్పుడు సులువుగా చెప్పేసేవారు. 2022లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష దానికి నిలకడైన ఆధారాలు లేవని తేల్చింది. అంతమాత్రాన మందు పనిచేయదని కాదు. మందు పనిచేస్తుందా లేదా అన్నది ట్రయల్స్ తేల్చే సంగతి, జబ్బు ఎందుకొచ్చిందన్నది వేరే సంగతి.

శరీరంలోని సెరోటోనిన్‌లో అత్యధిక భాగం ఉండేది మెదడులో కాదు, పేగుల్లో. మొదటి వారంలో వికారం, విరేచనాలు అందుకే. రక్తం గడ్డకట్టడానికి సాయపడే ప్లేట్‌లెట్లు కూడా సెరోటోనిన్‌ను నింపుకునేది ఇదే ట్రాన్స్‌పోర్టర్ ద్వారా. కాబట్టి ఈ మందుల మీద ఉన్నప్పుడు రక్తస్రావం కొంచెం సులువుగా జరుగుతుంది.

ఎక్కువ డోసుతో ఎక్కువ ఫలితం వస్తుందా? మెదడు లోపల జరిగేది చూపే పీఈటీ స్కాన్‌లతో కొలిచిన సిటాలోప్రామ్ లెక్కలు చూడండి. రోజుకు 20 మిల్లీగ్రాములు వేస్తే ట్రాన్స్‌పోర్టర్లలో దాదాపు 80 శాతం మూతపడతాయి. 40 వేస్తే దాదాపు 86 శాతం. అంటే డోసు రెట్టింపు చేస్తే దక్కింది ఇంకో ఆరు శాతం. సైడ్ ఎఫెక్ట్‌లు మాత్రం అంత పొదుపుగా పెరగవు. డిప్రెషన్‌కు మామూలు డోసు చాలావరకు సరిపోవడానికి కారణం ఇదే. ఓసీడీ దీనికి మినహాయింపు. దానికి ఎక్కువ డోసులు కావాలి, ఫలితం తేల్చుకోవడానికి 10 నుంచి 12 వారాలు ఆగాలి.

సుమారుగా సరిసమానమైన డోసులు ఇవి: ఫ్లూఆక్సెటిన్ 20, సెర్ట్రాలిన్ 50, ఎస్సిటాలోప్రామ్ 10, సిటాలోప్రామ్ 20, పారాక్సెటిన్ 20, ఫ్లువాక్సమిన్ 75 మిల్లీగ్రాములు. 'నాకు 50 రాశారు, పక్కవాళ్లకు 10 చాలిందట' అని కంగారు పడేవాళ్లు ఈ వరుస ఒకసారి చూసుకుంటే చాలు.

ఒక్కో మందు స్వభావం

ఎస్సిటాలోప్రామ్ ఈ గుంపులో అన్నిటికన్నా గొడవ తక్కువ పెట్టేది. 10 మిల్లీగ్రాములతో మొదలు, గరిష్ఠం 20. ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి మొదటి వారం 5 ఇస్తారు. ఇతర మందుల మీద దీని ప్రభావం తక్కువ. సిటాలోప్రామ్‌లో ఒకే అణువుకు కుడి, ఎడమ రూపాలు రెండూ కలిసి ఉంటాయి. పనిచేసేది అందులో ఒక్కటే, దాన్ని వేరుచేసి తీసిందే ఎస్సిటాలోప్రామ్. కాబట్టి ఒకటి పనిచేయలేదని రెండోదానికి మారడంలో పెద్ద అర్థం లేదు.

ఈ రెండింటితో చూసుకోవాల్సింది గుండె. ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని ఇవి డోసును బట్టి పొడిగిస్తాయి. అది మరీ సాగితే ప్రమాదకరమైన లయ తప్పుదల రావచ్చు. ఈ కారణంగానే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సిటాలోప్రామ్ గరిష్ఠ డోసును 40కి, 60 ఏళ్లు దాటినవారికి 20కి కుదించింది. ఎసిడిటీకి వేసే ఒమెప్రజోల్ వాడేవారికీ హద్దు 20యే. సిటాలోప్రామ్‌ను విరగ్గొట్టే సీవైపీ2సీ19 అనే లివర్ ఎంజైమును ఒమెప్రజోల్ అడ్డుకుంటుంది, మందు రక్తంలో పేరుకుంటుంది. పుట్టుకతో క్యూటీ ఎక్కువగా ఉన్నవారికి, పొటాషియం లేదా మెగ్నీషియం తక్కువగా ఉన్నవారికి, క్యూటీని పెంచే వేరే మందులు వాడేవారికి ఈ రెండింటినీ పక్కనపెట్టి సెర్ట్రాలిన్ చూడటం మేలు.

సెర్ట్రాలిన్ 50తో మొదలు. పానిక్ ఉంటే 25తో మొదలుపెట్టి వారం తర్వాత 50 చేస్తారు. గరిష్ఠం 200. గుండెపోటు వచ్చినవారిలో, అస్థిర ఆంజైనా (గుండెకు రక్తం చాలక ఉన్నట్టుండి వచ్చే ఛాతీ నొప్పి) ఉన్నవారిలో దీన్ని ప్రత్యేకంగా పరీక్షించారు, ఆ ఫలితాలు 2002లో వచ్చాయి. గుండె జబ్బున్నవారికి మొదట దీన్నే తలుచుకోవడానికి కారణం అదే. తల్లిపాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది, కాబట్టి పాలిచ్చే తల్లులకూ తరచు దీన్నే ఎంచుతారు. దీని బలహీనత పొట్ట: మిగతావాటికంటే విరేచనాలు దీంతోనే ఎక్కువ. భోజనంతో వేసుకుంటే వికారం తగ్గుతుంది, మందు ఒంటబట్టడం కూడా కొంచెం పెరుగుతుంది. చుక్కల రూపంలో దొరికే గాఢ ద్రావణాన్ని నేరుగా నోట్లో వేసుకోకూడదు. లేబుల్ మీద చెప్పిన ద్రవంలో కలిపి అప్పటికప్పుడే తాగేయాలి.

ఫ్లూఆక్సెటిన్ కథ అంతా దాని ఆయుష్షులో ఉంది. రక్తంలోని మందు సగానికి తగ్గడానికి పట్టే సమయాన్ని హాఫ్ లైఫ్ అంటారు. సెర్ట్రాలిన్‌కు అది 26 గంటల పైచిలుకు, పారాక్సెటిన్‌కు 21 గంటలు, ఎస్సిటాలోప్రామ్‌కు 30 గంటల దరిదాపు. ఫ్లూఆక్సెటిన్ కొన్నాళ్లు వాడాక 4 నుంచి 6 రోజులు. అది శరీరంలో నార్‌ఫ్లూఆక్సెటిన్‌గా మారుతుంది, అదీ మందులాగే పనిచేస్తుంది, దాని హాఫ్ లైఫ్ వారం నుంచి రెండు వారాలు. వారంలో ఒకటి రెండు మాత్రలు మరిచిపోయేవారికి ఇంతకంటే క్షమించే మందు లేదు. మానేటప్పుడు కూడా తనంతట తనే మెల్లగా దిగిపోతుంది. అదే గుణం ఇబ్బంది కూడా: పడకపోయినా వారాల తరబడి ఒంట్లోనే ఉంటుంది, డోసు మార్చిన ఫలితం తెలియడానికీ ఎక్కువ రోజులు ఆగాలి. కొంచెం హుషారు చేసే మందు, ఉదయమే వేసుకోవాలి. నిస్సత్తువగా పడి ఉండేవారికి నప్పుతుంది. కంటిమీద కునుకు లేనివారికి, చేతులు కాళ్లు ఆడించకుండా కూర్చోలేనంత ఆందోళన ఉన్నవారికి మొదట్లో ఇబ్బంది పెట్టవచ్చు. పిల్లల డిప్రెషన్‌లో ఎక్కువ ఆధారాలున్నది దీనికే, 8 ఏళ్ల నుంచి అనుమతి ఉంది. అదుపు లేకుండా తిని, తర్వాత వాంతి చేసుకునే బులీమియా జబ్బుకు 60 మిల్లీగ్రాముల డోసు వాడతారు.

పారాక్సెటిన్ ఆందోళనకు, పానిక్‌కు బాగా పనిచేస్తుంది, కొంత నిద్ర కూడా పట్టిస్తుంది. అయినా కొత్తగా మొదలుపెట్టేవారికి దీన్ని మొదటి వరుసలో పెట్టబుద్ధి కాదు. బరువు పెరగడం, లైంగిక ఇబ్బందులు మిగతావాటికంటే దీంతోనే ఎక్కువ. నోరు ఎండటం, మలబద్ధకం కూడా కలుస్తాయి. పెద్ద వయసువారిలో ఇదే గుణం మతిమరుపు, తికమక రూపంలో బయటపడుతుంది. గర్భం మొదటి మూడు నెలల్లో వాడితే శిశువు గుండెలో లోపాలు వచ్చే అవకాశం కొద్దిగా పెరుగుతుందన్న హెచ్చరిక ఉంది. మానేటప్పుడు ఈ గుంపులో ఎక్కువ సతాయించేదీ ఇదే. ఎన్నో ఏళ్లుగా దీని మీద బాగున్నవారు మాత్రం ఇది చదివి మార్చేయనక్కర్లేదు.

ఫ్లువాక్సమిన్ ప్రధానంగా ఓసీడీకి వాడేది. రాత్రిపూట 50తో మొదలుపెట్టి 100 నుంచి 300 వరకు పెంచుతారు. రోజు డోసు 100 దాటితే సాధారణంగా రెండు పూటలుగా విడగొట్టి, పెద్ద భాగం రాత్రికి పెడతారు. చిక్కంతా లివర్‌లో. సీవైపీ1ఏ2 అనే ఎంజైమును ఇది బలంగా అడ్డుకుంటుంది. కండరాల బిగుతుకు ఇచ్చే టిజానిడిన్‌తో కలిపి అసలే వాడకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఆస్తమాకు ఇచ్చే థియోఫిలిన్, స్కిజోఫ్రీనియాకు ఇచ్చే క్లోజపిన్ రక్తంలో కొన్ని రెట్లు పెరుగుతాయి. కాఫీలోని కెఫీన్ విరిగేదీ ఇదే ఎంజైముతో. ఎప్పటిలాగే కాఫీ తాగుతూ 'మందు వేసుకున్నాక గుండె దడ, నిద్ర లేదు' అని చెప్పేవారిలో తప్పు కొన్నిసార్లు మందుది కాదు, రెండూ కలవడానిది.

మిగతా మాత్రలతో కలిసినప్పుడు

ఎంపికను ఎక్కువసార్లు తేల్చేసేది ఈ భాగమే. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో వాడుతున్న ప్రతి మాత్ర స్ట్రిప్పునూ, జలుబు సిరప్పునూ, మూలికల డబ్బానూ సంచిలో వేసుకెళ్లడం అతి జాగ్రత్తేమీ కాదు.

ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ రెండూ సీవైపీ2డీ6 ఎంజైమును గట్టిగా మూసేస్తాయి. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ ఈ ఎంజైము ద్వారానే ఎండాక్సిఫెన్ అనే చురుకైన రూపంలోకి మారుతుంది. దారి మూసుకుపోతే టామాక్సిఫెన్ పూర్తిగా పనిచేయకపోవచ్చు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మెనోపాజ్ వేడి ఆవిర్లకు తక్కువ డోసు పారాక్సెటిన్ ఇస్తారు, టామాక్సిఫెన్ వాడేవారికీ అవే ఆవిర్లు వస్తాయి. ఒక డాక్టరు ఆవిర్లకు రాసింది ఇంకో డాక్టరు క్యాన్సర్‌కు రాసినదాన్ని దెబ్బకొట్టే ప్రమాదం ఇక్కడ ఉంది. టామాక్సిఫెన్ మీద ఉన్నవారికి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ కావాల్సివస్తే ఎస్సిటాలోప్రామ్, సిటాలోప్రామ్ లేదా మోస్తరు డోసు సెర్ట్రాలిన్ వైపు చూస్తారు. బీపీకి వాడే మెటోప్రొలాల్ కూడా 2డీ6 మీదే విరుగుతుంది, ఫ్లూఆక్సెటిన్‌తోనో పారాక్సెటిన్‌తోనో కలిస్తే నాడి బాగా నెమ్మదించవచ్చు. నొప్పికి ఇచ్చే కోడీన్ మార్ఫిన్‌గా మారేదీ ఇదే దారిలో. ఆ దారి మూసుకుంటే మాత్ర వేసినా నొప్పి తగ్గదు.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ లాంటివి ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికో, మామూలు నొప్పికో పారాసెటమాల్ నయం. ఆస్పిరిన్ తప్పనిసరైన గుండె రోగులకు కడుపును కాపాడే మాత్ర జతచేస్తారు. సిటాలోప్రామ్ లేదా ఎస్సిటాలోప్రామ్ మీద ఉన్నవారికి ఆ మాత్ర ఒమెప్రజోల్ కాకుండా పాంటోప్రజోల్ అయితే మేలు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవారు ఏ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మొదలుపెట్టినా, మానినా రక్తం గడ్డకట్టే తీరు చూపే ఐఎన్‌ఆర్ పరీక్ష ముందుగానే చేయించుకోవాలి.

సెరోటోనిన్ మరీ ఎక్కువైతే వచ్చేది సెరోటోనిన్ సిండ్రోమ్. వణుకు, చెమటలు, విరేచనాలు, కాళ్లలో కండరాలు టకటకా కొట్టుకోవడం, జ్వరం, తికమక దీని గుర్తులు. మందు కొత్తగా కలిపిన లేదా పెంచిన 24 గంటల్లోనే సాధారణంగా బయటపడుతుంది, ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎంఏఓఐ అనే పాత తరగతి డిప్రెషన్ మందులతో ఏ ఎస్‌ఎస్‌ఆర్‌ఐ కూడా కలవకూడదు. ఒకటి మాని ఇంకోటి మొదలుపెట్టడానికి కనీసం 14 రోజుల ఎడం ఉండాలి. ఫ్లూఆక్సెటిన్ మాని ఎంఏఓఐ మొదలుపెట్టాలంటే మాత్రం 5 వారాలు. లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్‌కూ ఎంఏఓఐ గుణం ఉందని చాలామందికి తెలియదు. నొప్పికి రాసే ట్రమడాల్, దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక కూడా ఈ జాబితాలోనివే. వీటిలో ట్రమడాల్‌తోనే ఎక్కువ జాగ్రత్త కావాలి, అది ఫిట్స్ ముప్పును కూడా పెంచుతుంది.

వయసు, గర్భం

65 దాటినవారిలో చూసుకోవాల్సింది రక్తంలో సోడియం. ఎస్‌ఎస్‌ఆర్‌ఐలు అన్నీ దాన్ని తగ్గించగలవు, బీపీకి థయజైడ్ రకం నీటి మాత్ర వాడే పెద్దావిడల్లో ముప్పు మరీ ఎక్కువ. మొదటి నెలలోనే ఎక్కువగా కనిపిస్తుంది: తలనొప్పి, తూలడం, మాటలో తడబాటు, ఉన్నట్టుండి తికమక. ఇంట్లోవాళ్లు 'వయసు మీద పడింది' అనుకుని వదిలేసే లక్షణాలే ఇవన్నీ. మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఇంకోసారి సోడియం పరీక్ష చేయిస్తే ముందే పట్టేయవచ్చు. ఏ మందుకు మారినా ఈ ముప్పు పూర్తిగా పోదు. మిర్టజపిన్ లాంటి వేరే తరగతి మందుతో కొంత తక్కువ.

25 ఏళ్లలోపు వారిలో మందు మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని ఎఫ్‌డీఏ 2004లో పిల్లల విషయంలో హెచ్చరించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల వరకు విస్తరించింది. అంటే మందు ఇవ్వకూడదని కాదు. మొదటి నెలలో వారానికోసారి కలవాలి, ఇంట్లో ఒకరు కనిపెట్టి ఉండాలి. మనిషి నిలవలేనంత అశాంతిగా తిరుగుతున్నా, చనిపోవాలన్న మాట నోట వచ్చినా మర్నాటికి వాయిదా వేయకుండా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

గర్భం విషయంలో తొందరపాటు రెండు వైపులా నష్టమే. గర్భం అని తెలియగానే మాత్ర ఆపేస్తే జబ్బు తిరగబెట్టవచ్చు, ఆ జబ్బు తల్లికీ బిడ్డకీ మంచిది కాదు. గర్భం ప్లాన్ చేసుకుంటున్నప్పుడే చెబితే పారాక్సెటిన్‌ను తప్పించి, తరచు సెర్ట్రాలిన్ ఎంచే వీలుంటుంది. గర్భానికి ముందే ఒక మందు మీద బాగున్నవారిని మధ్యలో మార్చకుండా అదే కొనసాగించడం మామూలు. చివరి నెలల్లో వాడిన తల్లుల బిడ్డలు పుట్టిన మొదటి రోజుల్లో చిరాకుగా, వణుకుతూ ఉండవచ్చు. ఎక్కువమందిలో కొన్ని రోజుల్లో సర్దుకుంటుంది, కానీ కాన్పు చేసేవారికి ముందే తెలియాలి.

మొదలుపెట్టే ముందు, మొదటి రెండు నెలలు

ఏ మందైనా సరే, మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న అడగకపోతే పెద్ద పొరపాటు జరగవచ్చు: గతంలో ఎప్పుడైనా నాలుగైదు రోజులు వరసగా నిద్ర అవసరం లేకుండా, మాటలు, ఖర్చులు, పథకాలు అదుపు తప్పి, విపరీతమైన ఉత్సాహంతో తిరిగారా? అవునంటే అది బైపోలార్, అంటే విపరీత ఉత్సాహం, దిగులు దశలు మారుతూ వచ్చే జబ్బు కావచ్చు. దానికి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ ఒక్కటే ఇస్తే మనిషి ఉన్మాద దశలోకి జారే ప్రమాదం ఉంది.

మొదటి పది రోజులు కష్టం ఎక్కువ, లాభం తక్కువ. వికారం, తలనొప్పి, నిద్రలో తేడా, కొందరిలో ఆందోళన పెరగడం మామూలు. చాలావరకు ఒకటి రెండు వారాల్లో సద్దుమణుగుతాయి. ఎక్కువమంది మానేసేది సరిగ్గా అప్పుడే. ఆందోళన జబ్బున్నవారికి మొదటి వారం సగం డోసు ఇవ్వడం ఇందుకే. మత్తుగా ఉంటే రాత్రికి, నిద్ర చెడితే ఉదయానికి మార్చుకోండి. ఏ పూటైనా ఫలితం ఒకటే. మాత్ర మరిచిపోతే అదే రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేయండి, రెండు కలిపి వేసుకోవద్దు.

రెండు వారాలకు ఎంతో కొంత కదలిక కనబడాలి. సరైన డోసు మీద నాలుగు వారాలైనా ఏ మార్పూ లేకపోతే వేచిచూడటం వల్ల లాభం లేదు, డోసు పెంచడమో మందు మార్చడమో ఆలోచించాలి. కొంత మెరుగు ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల వరకు ఆగవచ్చు. మొదటి మందుతో పూర్తిగా కోలుకునేది సుమారు మూడోవంతు మందే అని అమెరికాలో సిటాలోప్రామ్‌తో మొదలుపెట్టి జరిపిన స్టార్‌డీ అధ్యయనంలో తేలింది. కాబట్టి మొదటిది పనిచేయలేదంటే ఇక ఏదీ పనిచేయదని కాదు.

ఒక ఎస్‌ఎస్‌ఆర్‌ఐ నుంచి ఇంకోదానికి మారడం ఎక్కువసార్లు సులువే: ఇవాళ ఒకటి ఆపి, రేపు రెండోది సమానమైన డోసులో మొదలుపెట్టవచ్చు. ఎక్కువ డోసుల్లో ఉన్నవారికి, పారాక్సెటిన్ నుంచి మారేవారికి ఒకటి తగ్గిస్తూ ఇంకోటి పెంచుతారు. ఫ్లూఆక్సెటిన్ ఆపాక మాత్రం నాలుగు నుంచి ఏడు రోజులు ఆగి, కొత్తదాన్ని తక్కువ డోసులో మొదలుపెడతారు.

లైంగిక ఇబ్బందుల గురించి డాక్టరు అడగరు, రోగి చెప్పరు, చివరికి మాత్ర చెత్తబుట్టలోకి పోతుంది. కోరిక తగ్గడం, భావప్రాప్తి ఆలస్యం కావడం ఈ తరగతి అంతటికీ ఉన్న లక్షణాలు. వికారంలా ఇవి తమంతట తాము పోవడం తక్కువ. డోసు తగ్గించి చూడటం ఒక దారి, బుప్రోపియాన్ లేదా మిర్టజపిన్ లాంటి వేరే తరగతికి మారడం ఇంకో దారి. సంతోషం, దుఃఖం రెండూ మందగించి అంతా చప్పగా అనిపించడం కూడా డోసుతో ముడిపడినదే కావచ్చు. జబ్బు మిగిలిపోయిందనుకుని డోసు పెంచితే అది ఇంకా ఎక్కువవుతుంది.

మానేటప్పుడు

లక్షణాలు పూర్తిగా తగ్గాక కనీసం ఆరు నెలలు అదే డోసులో కొనసాగించాలి. జబ్బు పదేపదే తిరగబెట్టేవారికి రెండేళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. 2021లో బ్రిటన్ నుంచి వచ్చిన ఒక ట్రయల్‌లో ఏళ్లుగా మందు మీద బాగున్నవారిని రెండు గుంపులు చేశారు. కొనసాగించినవారిలో 39 శాతం మందికి, క్రమంగా ఆపినవారిలో 56 శాతం మందికి ఏడాదిలోపు జబ్బు తిరగబెట్టింది. రెండు అంకెలూ గుర్తుపెట్టుకోవాలి. ఆపితే ముప్పు ఎక్కువ, అయినా ఆపినవారిలో 44 శాతం మంది ఆ ఏడాది బాగానే ఉన్నారు.

ఇందాకటి సిటాలోప్రామ్ లెక్కలకు ఇక్కడ మళ్లీ పని పడుతుంది. 20 మిల్లీగ్రాముల దగ్గర 80 శాతం ట్రాన్స్‌పోర్టర్లు మూతపడి ఉంటాయి కదా. 9 దగ్గర 70 శాతం, 5.4 దగ్గర 60, 3.4 దగ్గర 50, 1.5 దగ్గర 30. అంటే 20 నుంచి 10కి దిగడం మెదడుకు చిన్న అడుగు, 5 నుంచి సున్నాకు దిగడం పెద్ద దూకు. '20 నుంచి 10కి వచ్చినప్పుడు ఏమీ కాలేదు, చివరి సగం మాత్ర ఆపగానే ఒళ్లంతా గందరగోళం' అనేవారి అనుభవానికి వివరణ ఇదే. కాబట్టి పైన వేగంగా, కింద నిదానంగా దిగాలి. మామూలు మాత్రను పావు వరకే విరగ్గొట్టగలం. అంతకంటే చిన్న డోసులకు ద్రవరూపం కావాలి. ఎస్సిటాలోప్రామ్, ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ ద్రవాలు తయారవుతున్నాయి, చిన్న సిరంజితో కొలవవచ్చు. ఒక్కో మెట్టు మీద రెండు నుంచి నాలుగు వారాలు ఆగి, ఇబ్బంది లేకపోతేనే కిందికి దిగాలి. రోజు విడిచి రోజు వేసుకుంటూ మానడం పొట్టి హాఫ్ లైఫ్ మందులతో పనికిరాదు, మందు స్థాయి రోజూ ఎక్కి దిగుతుంది. ఫ్లూఆక్సెటిన్ ఒక్కదానితోనే అది నడుస్తుంది.

మందు తగ్గించాక బాగోలేదంటే అది విడుపు లక్షణమా (మందు తగ్గినందుకు ఒళ్లు పడే ఇబ్బంది), జబ్బు తిరగబెట్టడమా? వచ్చిన సమయం చూడండి. విడుపు లక్షణాలు డోసు తగ్గించిన కొన్ని రోజుల్లోనే మొదలవుతాయి. ఫ్లూఆక్సెటిన్‌తో మాత్రం కొన్ని వారాలు ఆలస్యం కావచ్చు. లక్షణాల తీరు కూడా చూడండి. కళ్లు పక్కకు తిప్పినప్పుడు తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, తల తిరగడం, వికారం, కలత కలలు డిప్రెషన్‌లో ఉండేవి కావు. జబ్బు తిరగబెట్టేది సాధారణంగా వారాలు, నెలలు గడిచాక, మునుపటి పోలికలతోనే, మెల్లగా. పాత డోసు మళ్లీ వేసుకుంటే విడుపు లక్షణాలు ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. జబ్బు అంత త్వరగా తగ్గదు. విడుపే అని తేలితే వెనుకటి డోసుకు వెళ్లి, కొన్ని వారాలు నిలదొక్కుకుని, ఈసారి ఇంకా చిన్న మెట్లలో దిగాలి.